ట్యూబులన్నీ చెత్తబుట్టలో వేయించిన తిరుపతి చర్మం క్లినిక్: మూడు నెలల అనుభవం

ముందు మార్కులు చెప్పేస్తాను. వైద్యానికి అయిదుకి అయిదు. రోగికి విడమరిచి చెప్పినందుకు ఇంకో అయిదు ఉంటే అవీ ఇస్తాను. వెయిటింగ్ హాలుకి మాత్రం రెండే. క్లినిక్ తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డుకి దగ్గర్లో ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంది. పేరు అడుగుతారని తెలుసు, కానీ రాయొద్దని డాక్టరమ్మే అన్నారు, ఇప్పటికే రోజుకి చూడగలిగిన దానికంటే ఎక్కువమంది వస్తున్నారట. అందుకని ఇది ఆ క్లినిక్ గురించి ఎంతో, తామరకి (చర్మానికి పట్టే ఒక రకం బూజు, అంటే ఫంగస్) వైద్యం అంటే ఏం జరగాలి అన్నదాని గురించీ అంతే. చిత్తూరులో ఉన్నా మదనపల్లెలో ఉన్నా మీరు వెళ్లే డాక్టరు ఇవి చేస్తున్నారా లేదా అని చూసుకోడానికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నాది చిత్తూరు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. దసరా సెలవులయ్యాక నడుం దగ్గర, సరిగ్గా లంగా బొందు కట్టుకునే చోట, రూపాయి బిళ్లంత ఎర్రటి చుట్ట లేచింది. అంచు కొంచెం ఉబ్బెత్తుగా, పొట్టు రాలుతూ, మధ్యలో చర్మం మామూలుగా. పగలు పాఠాల్లో పడి మర్చిపోయేదాన్ని, రాత్రి పడుకున్నాక మాత్రం గోళ్లతో గీరకుండా ఉండలేకపోయేదాన్ని. వీధి చివర మందుల షాపులో చెప్తే ఒక ట్యూబు ఇచ్చారు. పూసిన రెండో రోజుకే దురద పోయింది, నాలుగో రోజుకి ఎరుపు పోయింది. మంచి మందే ఇచ్చాడనుకుని ఆపేశాను. పది రోజులకి అదే చోట రెండు చుట్టలు. మళ్లీ పూశాను, మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. సంక్రాంతికి మూడో ట్యూబు నడుస్తోంది, మచ్చలు తొడల దాకా పాకాయి, మా అత్తమ్మకి మెడ వెనక, ఇంటర్ చదివే మా అబ్బాయికి గజ్జల్లో. ముగ్గురం ఒకే ట్యూబు పిండుకుంటున్నాం, ఒకే తువ్వాలుతో తుడుచుకుంటున్నాం కూడా. రోగనిరోధక శక్తి మీద ఏటా పాఠం చెప్పే నాకే ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదవాలని తోచలేదు.

మా కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్ ఈ డాక్టరమ్మ గురించి చెప్పారు. ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం పొద్దున ఆరున్నర బస్సెక్కి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతి చేరి, ఆటో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అప్పటికే నా టోకెన్ నంబరు ముప్పై ఒకటి. హాల్లో పద్దెనిమిది కుర్చీలు, నలభై మంది జనం, రెండు ఫ్యాన్లు. ఫోన్ చేసి పేరు రాయించుకునే పద్ధతి ఉందంటారు కానీ ఆ నంబరు నాకు మూడు రోజులు దొరకలేదు. నన్ను లోపలికి పిలిచేసరికి పన్నెండున్నర దాటింది. చంటిబిడ్డతో వచ్చిన ఒకావిడ మెట్ల మీద కూర్చుని పాలిచ్చుకోవాల్సి వచ్చింది, ఇది మాత్రం వాళ్లు సరిచేసుకుని తీరాలి.

లోపల సంగతి వేరు. డాక్టరమ్మ మచ్చలు చూడకముందే "ఇప్పటిదాకా ఏం పూశారు?" అని అడిగారు. బ్యాగులోంచి ట్యూబు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి మళ్లీ నా చేతికే ఇచ్చి, "వెనక ఏం రాసుందో గట్టిగా చదవండమ్మా" అన్నారు. చదివాను. ఒక యాంటీఫంగల్ (బూజు మీద పనిచేసే మందు), రెండు యాంటీబయాటిక్ లాంటివి, వాటి పక్కన క్లోబెటసాల్. "ఆ చివరిదేంటో తెలుసా?" అంటే స్టెరాయిడ్ అన్నాను. "మామూలుది కాదు, ఒంటికి పూసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన తరగతిది. మీ ఇంట్లో ఇలాంటి ట్యూబులు ఎన్నున్నాయో అన్నీ ఇవాళే చెత్తబుట్టలో వేయండి" అన్నారు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చిందట, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నన్ను ఏ షాపులోనూ ఎవరూ చీటీ అడగలేదు.

తర్వాత పరీక్ష. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇంతకుముందు చూపించుకున్న చోట్ల ఎవరూ ఇది చేయలేదు. మచ్చ అంచు మీద స్పిరిట్ తుడిచి, మొద్దు బ్లేడుతో మెల్లగా గీకి, రాలిన పొట్టుని గాజు స్లైడు మీద వేశారు, దాని మీద ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్. చర్మకణాలు కరిగి బూజు ఒక్కటే కనబడడానికి ఓ పావుగంట బయట కూర్చోమన్నారు. మళ్లీ పిలిచి, నేను జువాలజీ అని తెలిసింది కాబట్టి కాబోలు, "చూడండి" అని మైక్రోస్కోపు నా వైపు తిప్పారు. మసక మసకగా పలకల్లాంటి చర్మకణాల మధ్యలోంచి సన్నటి గాజుతీగల్లాంటివి కొమ్మలు వేసుకుంటూ పోతున్నాయి, వాటిలో అక్కడక్కడా అడ్డుగోడలు. ఏళ్ల తరబడి పిల్లలకి బోర్డు మీద గీసి చూపించిన బొమ్మ అది, ఈసారి నా నడుం మీది నుంచి. ఈ పరీక్షకి వాళ్లు తీసుకున్నది నూట యాభై. కన్సల్టేషన్ అయిదొందలు, నెలలోపు మళ్లీ వెళ్తే ఫీజు లేదు.

నేను అడిగిన ప్రశ్న ఇది: ఆ ట్యూబులో యాంటీఫంగల్ కూడా ఉంది కదా, అది బూజుని చంపాలి కదా, మరి ఎందుకు పెరిగింది?

ఆవిడ చెప్పిన జవాబుని నేను తర్వాత నా పుస్తకాలతో సరిచూసుకుని రాస్తున్నాను. యాంటీఫంగల్ మందు ఒంటరిగా యుద్ధం గెలవదు. ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ లాంటి అజోల్ మందులు బూజు కణాల పైపొరకి కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారు కాకుండా అడ్డం పడతాయి. మన కణాల్లో ఉండేది కొలెస్టరాల్, వాటికి ఎర్గోస్టెరాల్ అక్కర్లేదు, అందుకే మందు మనల్ని వదిలి బూజు మీద పడగలుగుతుంది. కానీ ఈ మందులు తామర బూజుని చాలావరకు ఎదగకుండా ఆపుతాయే తప్ప అక్కడికక్కడ చంపేయవు. ఆగిపోయిన బూజుని ఏరి పారేసే పని మన ఒంటిది. మన చర్మం పైపొర దాదాపు నెలకోసారి రాలి కొత్తది వస్తుంది, అది ఒక దారి. రెండోది తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు. ఇవి టీకాలు వేస్తేనో ఒకసారి జబ్బు చేస్తేనో నేర్చుకునే సైన్యం కాదు, పుట్టుకతోనే వచ్చే కాపలా. మా పుస్తకాల్లో స్వాభావిక అసంక్రామ్యత అని రాస్తారు.

"మీ వైపు వేరుశనగచేలకి రాత్రిపూట కావలి ఉంటారు కదా" అన్నారు ఆవిడ. "చేలో అడవిపంది పడితే ముందు కుక్క అరుస్తుంది, ఆ అరుపుకి మనుషులు లేస్తారు. మీ మచ్చ ఎర్రబడడం, దురద పెట్టడం, ఆ కుక్క అరవడమేనమ్మా. క్లోబెటసాల్ పూసినప్పుడు పంది పోలేదు, కుక్క నోరు కట్టేశారు. చేను ప్రశాంతంగా ఉందని మీరు పడుకున్నారు."

ఇంతకంటే బాగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే, తెల్లకణాల్ని ఆ చోటికి రమ్మని పిలిచే రసాయన కబుర్లని అణిచేస్తుంది. యాంటీఫంగల్ పక్కనే ఉన్నా, అది సగం పని చేసి అప్పగించినప్పుడు అందుకునేవాళ్లు ఉండరు. ట్యూబు ఆపగానే మిగిలిన బూజు మళ్లీ లేస్తుంది. పైగా స్టెరాయిడ్ వాడిన తామర తన చుట్ట ఆకారం కూడా పోగొట్టుకుని, చూడగానే గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. డాక్టర్లు దీనికి టీనియా ఇంకాగ్నిటో అని 1968లోనే పేరు పెట్టారు. నా తొడల మీద మచ్చలు అచ్చం అలాగే ఉన్నాయి, అంచు లేదు, మధ్య లేదు, చిందరవందరగా పాకిన ఎరుపు అంతే. మా అబ్బాయికి గజ్జల్లో చర్మం పల్చబడి చారలు కూడా పడ్డాయి, ఆ చారలు పూర్తిగా పోవని ఆవిడ ముందే చెప్పేశారు. అది వింటే బాధగా ఉంది, పదిహేడేళ్ల పిల్లాడు.

ఈ కాపలా ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. మాక్రోఫేజ్‌ల మీద డెక్టిన్-1 అని ఒక గుర్తింపు పరికరం ఉంటుంది, బూజు గోడలో ఉండే బీటా గ్లూకాన్ అనే పిండిపదార్థాన్ని తడిమి, ఇది మనది కాదు అని చెప్పేది అదే. దాని కబురు లోపలికి మోసుకెళ్లే వాటిలో కార్డ్9 అని ఒక ప్రోటీన్ ఉంది. అల్జీరియా, ట్యునీషియా, మొరాకో కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఆ ప్రోటీన్ పనిచేయదని 2013లో బయటపడింది. మనకి చర్మం మీద దురద పెట్టి ఊరుకునే ఇదే తామర జాతి బూజు వాళ్లకి చర్మం దాటి లోపలికి, గడ్డల్లోకి పాకి, కొందరి ప్రాణాలే తీసింది. బూజు అదే. కాపలా లేదు, అంతే తేడా.

ఇక్కడ నాకు పాఠంలో చెప్పే ఈగ గుర్తొచ్చింది. 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం బూజుని ఎదుర్కోడానికి కావాల్సిన టోల్ అనే జన్యువు చెడిపోయిన పండ్ల ఈగలకి ఆస్పర్‌జిల్లస్ బూజు అంటిస్తే అవి తట్టుకోలేక చచ్చిపోయాయి, చచ్చిన ఈగ ఒళ్లంతా బూజు దారాలు మొలిచిన ఫోటో ఇప్పటికీ ప్రపంచమంతా క్లాసుల్లో చూపిస్తారు. మనుషుల్లో, ఎలకల్లో కూడా అలాంటివే టోల్ లైక్ రిసెప్టర్లు (సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టే పరికరాలు) ఉన్నాయని ఆ తర్వాతే తేలింది. హాఫ్‌మన్‌కి 2011లో నోబెల్ వచ్చింది. ఆ ఈగ బొమ్మ చూపించి పరీక్షలో ఇది వస్తుంది అని ఎన్నిసార్లు చెప్పానో, నా ఒంటి మీది మచ్చకి మాత్రం దాన్ని కలుపుకోలేదు.

ఇంకో ప్రశ్న నా మనసులో 2021 నుంచీ ఉంది, అడిగేశాను. రెండో వేవ్‌లో మా మేనమామకి కోవిడ్ తగ్గాక బ్లాక్ ఫంగస్ వచ్చింది. షుగరు నాలుగొందలు, ఆక్సిజన్ కోసం స్టెరాయిడ్లు కూడా ఎక్కించి ఉన్నారు. షుగర్ అదుపు తప్పినప్పుడు న్యూట్రోఫిల్స్ సరిగ్గా కదలలేవు, పట్టుకున్నదాన్ని చంపలేవు, దాని మీద స్టెరాయిడ్ తోడయ్యింది. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. అప్పట్లో ఆంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్లకి దేశమంతా కటకట, లిపోసోమల్ రకం దొరకని రోజుల్లో పాత రకం ఎక్కించారు. ఎక్కించే ముందు సెలైన్, ఒక పారాసెటమాల్, ఒక అవిల్. అయినా డ్రిప్పు మొదలైన గంటకి మామ ఒళ్లు వణకడం మొదలయ్యేది. మే నెల, తిరుపతి ఎండ, నేను చెమటతో తడిసిపోయి ఉంటే ఆయన మీద రెండు రగ్గులు కప్పి పట్టుకునేదాన్ని, మంచం ఇనుప కాళ్లు నేలకి టకటకా కొట్టుకునేవి. పళ్లు కరుచుకుంటాయని నోట్లో తువ్వాలు కొస పెట్టేదాన్ని. మందు పడట్లేదేమో, ఆపేయమందామా అని మా అత్త ఏడ్చింది. నర్సు మాత్రం, "ఈ మందుకి ఇది మామూలేనమ్మా" అని చెప్పి డ్రిప్పు కొంచెం నెమ్మది చేసి వెళ్లిపోయేది.

ఆ వణుకు ఏంటి అని ఇన్నాళ్లకి అడిగాను. ఆంఫోటెరిసిన్ బూజు పొరలోని ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుని దాన్ని చంపుతుంది, అంతవరకు నాకు తెలుసు. తెలియనిది ఏంటంటే అదే మందు మన తెల్లకణాల మీదుండే టోల్ లైక్ రిసెప్టర్ 2నీ, దానికి తోడుగా ఉండే సీడీ14 అనే ప్రోటీన్‌నీ కూడా తట్టి లేపుతుందట. ఏదో సూక్ష్మజీవి చొరబడిందన్నట్టుగా ఆ కణాలు గగ్గోలు పెడతాయి, ఆ గగ్గోలే చలి, జ్వరం, వణుకు. ఈ సంగతి 2003 ప్రాంతంలో పరిశోధనల్లో తేలింది. అదే మందుని కొవ్వు బుడగల్లో చుట్టి ఇచ్చే లిపోసోమల్ రకంలో ఈ గగ్గోలు చాలా తగ్గుతుంది, కిడ్నీల మీద భారమూ తగ్గుతుంది, ఖరీదు మాత్రం ఎక్కువ. మా మామకి పై దవడలో కొంత భాగం తీసేశారు, ఇప్పుడు ప్లేటు పెట్టుకుని తింటారు, మాట కొంచెం ముక్కుతో వస్తుంది, కానీ ఉన్నారు. ఆ ఏడు మే నెలలోనే బ్లాక్ ఫంగస్‌ని ఆరోగ్యశ్రీలో చేర్చారు, లేకపోతే మా వల్ల అయ్యేది కాదు. నాలుగు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ సంగతి ఆ రోజు మంచం పక్కన ఎవరైనా చెప్పి ఉంటే మా అత్త అంత భయపడి ఉండేది కాదు కదా అనిపించింది.

అన్ని మందులూ ఇలా గగ్గోలు పుట్టించవు. కొన్ని కాపలాకి నేరుగా సాయం చేస్తాయి. కాండిడా అనే బూజు తన గోడలో బీటా గ్లూకాన్‌ని పైన మానాన్ అనే పొరతో కప్పేసుకుని డెక్టిన్-1కి దొరక్కుండా తిరుగుతుంది. కాస్పోఫంగిన్ అనే ఇంజెక్షన్ ఆ గోడ కట్టే ఎంజైమునే ఆపుతుంది, తక్కువ మోతాదులో కూడా ఆ ముసుగు తొలిగి గ్లూకాన్ బయటపడి మాక్రోఫేజ్‌లు గట్టిగా స్పందించాయని 2006లో ఒక పరిశోధనలో చూపించారు. పోసకొనజోల్ అనే మందునైతే తెల్లకణాలు తమలో నింపుకుని బూజు ఉన్న చోటికి తామే మోసుకెళ్తాయి. కీమో వల్ల న్యూట్రోఫిల్స్ పడిపోయినవాళ్లలో ఎంత మంచి యాంటీఫంగల్ ఇచ్చినా, ఆ కణాల సంఖ్య మళ్లీ పెరిగేదాకా డాక్టర్లు ఎందుకు భయపడుతూనే ఉంటారో నాకు ఇప్పుడు అర్థమైంది. ఇవన్నీ మా తామరకి వాడే మందులు కావు, పెద్దాసుపత్రుల మందులు. అయినా సూత్రం ఒకటే అని ఆవిడ కాగితం మీద గోడ బొమ్మ గీసి మరీ చెప్పారు. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు, నాకే మొహమాటమేసి లేవబోయాను.

ఇక నాకు రాసిన మందుల సంగతి. ఇట్రాకొనజోల్ గొట్టాలు (క్యాప్సూల్స్), స్టెరాయిడ్ లేని ఒక్క లులికొనజోల్ పూత, దురదకి రాత్రిపూట ఒక మాత్ర. డోసు నేను రాయను, అది బరువు, లివరు చూసి డాక్టరు రాయాల్సింది. మొదలుపెట్టేముందు లివర్ టెస్ట్ చేయించారు, నెలకి మళ్లీ ఒకసారి. మనలో చాలామందికి తెలియని సంగతి ఇక్కడ ఒకటుంది. ఈ గొట్టం కడుపులో ఆమ్లం ఉంటేనే కరిగి ఒంట పడుతుంది, అందుకే నిండుగా తిన్నాకే వేసుకోవాలి, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే డబ్బు దండగ. నేను రోజూ పరగడుపున పాంటప్రజోల్ వేసుకుంటాను! అది ఆపించారు. కాఫీ తాగి పరిగెత్తే పొద్దుల్లో కాదు, మధ్యాహ్నం సంగటో అన్నమో కడుపు నిండా తిన్నాక వేసుకోమన్నారు. రెండో విడతకి మా అత్తమ్మని తీసుకెళ్తే, ఆమె వాడే మాత్రల కవరు మొత్తం బల్ల మీద పోయించి ఒక్కొక్కటీ చూశారు. అందులో కొలెస్టరాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్ ఉంది. ఇట్రాకొనజోల్ దాన్ని ఒంట్లోంచి పోనివ్వకుండా పెంచేస్తుందట, కండరాలు దెబ్బతినొచ్చు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి కూడా ఈ మందు మంచిది కాదు. అందుకని, "పెద్దమ్మా, నీకు గొట్టాలు వద్దు, మెడ మీద ఒక్కటే కదా" అని పూత మాత్రమే ఇచ్చారు. మందుల షాపులో ఒకరికి రాసింది ఇంకొకరికి కొనే అలవాటు మా ఇంట్లో ఉంది, అది ఆ రోజుతో పోయింది.

టెర్బినఫిన్ ఎందుకు రాయలేదని కూడా అడిగాను, ఎందుకంటే ఇదివరకు తామరకి అదే పెద్ద మందు. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా కనిపిస్తున్న తామర బూజుకి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో కొత్తగా పేరు పెట్టారు, భారత్, నేపాల్ నుంచి జపాన్ వెళ్లినవాళ్ల చర్మం నుంచి తీసి గుర్తించి. ఇందులో చాలావాటికి టెర్బినఫిన్ పట్టుకోవాల్సిన ఎంజైము జన్యువే మారిపోయి ఉంటుంది, మందు తగులుకోదు. మనం సగం సగం వాడి వదిలేసిన ట్యూబులకీ దీనికీ సంబంధం ఉందని ఆవిడ గట్టిగా నమ్ముతారు, నాకూ అలాగే అనిపిస్తోంది.

నేను దాదాపు మానేసేదాకా వచ్చింది రెండో వారంలో. ట్యూబు ఆపిన అయిదారు రోజులకి మచ్చలన్నీ ఒక్కసారిగా మండిపోయినట్టు ఎర్రబడ్డాయి, దురద ఇదివరకటికంటే రెండింతలు. రాత్రి రెండు గంటలప్పుడు లేచి ఫ్యాన్ కింద నిలబడ్డాను. చెత్తబుట్టలో వేసిన ట్యూబు ఇంకా మున్సిపాలిటీ బండిలోకి పోలేదు, దాన్ని తీసి ఒక్కసారి పూసుకుందామా అని చేయి పెట్టానంటే అర్థం చేసుకోండి ఎంత టెన్షన్ పడ్డానో. పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేశాను, ఈసారి కలిసింది. కాంపౌండరు చెప్పినదాన్ని విని డాక్టరమ్మే ఫోన్ తీసుకున్నారు. "కుక్కకి కట్టు విప్పాం కదమ్మా, ఇన్నాళ్లు అరవనిదంతా ఇప్పుడు అరుస్తుంది. మందు ఆపొద్దు, ఆ ట్యూబు ముట్టొద్దు, చల్లటి నీళ్లతో తడిపిన గుడ్డ వేసుకోండి. వారం తర్వాత కూడా ఇలాగే ఉంటే రండి." అయిదు రోజులకి అణిగింది. ఆ రెండు నిమిషాల ఫోనుకి నేను వాళ్లకి ఎంత మార్కులు వేసినా తక్కువే, ఎందుకంటే చాలామంది ఆ రాత్రే మళ్లీ ట్యూబు పట్టుకుంటారు.

నచ్చనివి కూడా రాయాలి. కింద ఉన్న మందుల షాపు క్లినిక్ వాళ్లది కాదంటారు కానీ చీటీ చూపించగానే అందులో లేని సబ్బు, పౌడరు కవరులో పెట్టేశారు, బిల్లు చూసుకుని వెనక్కిచ్చాను. అదే ఇట్రాకొనజోల్ జన ఔషధి కేంద్రంలో బాగా తక్కువకి దొరికింది, డాక్టరమ్మని అడిగితే అక్కడ కొనుక్కోండి, ఏం పర్వాలేదు అన్నారు, ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆడవాళ్లు బట్ట పక్కకి తీసి చూపించాల్సిన చోట తెర ఉంది కానీ అది సగం వరకే వస్తుంది, తలుపు తీసినప్పుడల్లా నేను చీర సర్దుకోవాల్సి వచ్చింది. చర్మం క్లినిక్‌లో అది చిన్న విషయం కాదు. సోమవారం, శనివారం వెళ్లకండి, బుధవారం మధ్యాహ్నం రెండింటికి వెళ్తే గంటలో అయిపోయింది. గంగ జాతర వారంలో అయితే అసలు ప్రయత్నించొద్దు, ఆటోలు ఆ వైపు రావు.

ఇంట్లో మేము చేసినవి: ముగ్గురికీ విడివిడి తువ్వాళ్లు, లోపలి బట్టలు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి లోపలి వైపు పైకి తిప్పి డాబా మీద ఎండలో ఆరేయడం, లంగా బొందు రోజూ మార్చడం. అవును, లంగా మారుస్తాం కానీ బొందు అదే ఉంటుంది, చెమట అంతా దానిలోనే. డాక్టరమ్మ అడిగేదాకా నాకు తట్టలేదు. నాడా మార్చుకునే వీలు లేకపోతే లంగానే మార్చమన్నారు. మా అబ్బాయికి బిగుతు జీన్స్ మాన్పించాం, రెండు వారాలు అలిగాడు.

ఎనిమిది వారాలు పూర్తయ్యాయి. మచ్చలు ఆరో వారానికే పోయాయి, నేను ఆపేద్దామా అంటే వద్దన్నారు, కంటికి కనపడకపోయినా అంచుల్లో కొంచెం మిగిలే ఉంటుంది, దాన్ని ఊడ్చే పని మీ ఒంటిది, దానికి ఇంకో రెండు వారాలు టైమివ్వండి అన్నారు. ఇట్రాకొనజోల్ ఆపాక కూడా కొన్ని వారాలు చర్మం పైపొరలో నిలిచి ఉంటుందట, అది ఆ ఊడ్చే పనికి తోడు.

మొన్న బుధవారం మళ్లీ గీకి స్లైడు వేశారు. పావుగంట తర్వాత మైక్రోస్కోపులో నేనే ముందు చూశాను. పలకల్లాంటి చర్మకణాలు, రెండు మూడు గాలి బుడగలు. తీగలు లేవు. స్లైడుని ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుతూ నాలుగైదు నిమిషాలు వెతికాను, డాక్టరమ్మ ఏమీ అనకుండా పక్కన నిలబడ్డారు. నడుం మీద లేత గోధుమరంగు మరక మిగిలింది, అది పోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టొచ్చన్నారు. అత్తమ్మ మెడకి ఇంకో రెండు వారాలు పూత ఉంది, జూన్‌లో కాలేజీ తెరిచేలోపు ఆమెనీ అబ్బాయినీ తీసుకుని ఒక బుధవారం వెళ్లాలి.